రసీదు రాసుకున్న సంకల్పం: నా అనుభవం

నాకు 41వ ఏడు నడుస్తుండగా, 13 ఏళ్లుగా నేను లెక్కలు చూస్తూ వచ్చిన సంస్థ మా విభాగాన్ని మూసివేసింది. కోరుకున్నదాన్ని ఆలోచనా బలంతో రప్పించుకోవచ్చని చెప్పే సాధనను ఆ తర్వాత 8 నెలల పాటు నేను నిష్ఠగా చేశాను. అది పనిచేసిందా లేదా అని నన్ను చాలామంది అడిగారు. ఒక్క మాటలో జవాబు చెప్పడం నా వల్ల కావడం లేదు కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఒక స్నేహితురాలు నన్ను వారానికోసారి కలుసుకునే ఒక బృందానికి తీసుకెళ్లింది. అక్కడ విన్న మాటలు నాకు కొత్తగా అనిపించలేదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నోటివెంట అశుభం రానివ్వకు అన్న హెచ్చరిక వినకుండా పెరిగినవాళ్లు మనలో ఎందరుంటారు? ‘యద్భావం తద్భవతి’ అన్న మాట ఎవరు ఎక్కడ అన్నారో తెలియకపోయినా, దాన్ని సందర్భానికో అర్థంలో వాడుకోవడం మనకు అలవాటే. అందువల్ల బృందానికి పెద్దగా వ్యవహరించే ఆయన ‘మనసు దేన్ని గట్టిగా పట్టుకుంటే విశ్వం దాన్నే తెచ్చి ఇస్తుంది’ అన్నప్పుడు, ఎన్నాళ్లుగానో తెలిసిన సంగతినే మరొకరు మళ్లీ చెబుతున్నట్టు అనిపించి, ఎదురుప్రశ్న వేయకుండా ఒప్పుకున్నాను.

సాధన క్రమం ఇలా ఉండేది. తెల్లవారుజామున పావుగంట కళ్లు మూసుకుని, కోరిక నెరవేరిన దృశ్యాన్ని రంగులతో, శబ్దాలతో సహా ఊహించుకోవాలి. పగలు అయిదు విషయాలకు కృతజ్ఞత చెప్పుకోవాలి. పడుకోబోయే ముందు ఒకే వాక్యాన్ని 21 సార్లు నోట్‌బుక్కులో రాయాలి. ఆ వాక్యంలో ‘లేదు’, ‘వద్దు’, ‘కాదు’ అన్న మాటలు ఉండకూడదు. కోరిక ఎప్పుడో నెరవేరుతుందని కాకుండా నెరవేరిపోయిందన్నట్టే రాయాలి. నేను రాసుకున్న వాక్యం ఇది: ‘నేను పేరున్న పెద్ద సంస్థలో అకౌంట్స్ మేనేజర్‌గా స్థిరపడ్డాను, అందుకు విశ్వానికి కృతజ్ఞురాలిని.’ దీనితో పాటు ఒక అట్ట మీద గాజు గోడల క్యాబిన్ బొమ్మ ఒకటి, కరచాలనం చేసుకుంటున్న రెండు చేతుల బొమ్మ ఒకటి అంటించి, మంచం మీద నుంచి కనిపించేలా నిలబెట్టుకున్నాను.

ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మొదటి పేజీలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పదో రోజుకు వచ్చేసరికి, 14వ పంక్తి దగ్గర ‘స్థిరపడ్డాను’ అన్న మాటలో థ వత్తు ఎగిరిపోయింది, 18వ పంక్తికి డ వత్తు కూడా పోయింది. చివరి రెండు పంక్తులు చూస్తే ఒక గీత, దాని చివర చుక్క, అంతే. చేయి రాస్తూ ఉంటే మనసు రేపటి కరెంటు బిల్లు దగ్గర ఉండేది. గట్టిగా పట్టుకోవడం అంటే ఇదేనా అన్న అనుమానం నాకప్పుడే వచ్చి ఉండాల్సింది.

అయితే మొదటి నెలలో నాకు జరిగిన మేలును దాచిపెడితే అది అన్యాయం అవుతుంది. ఉద్యోగం పోయిన నాటినుంచీ రాత్రి పదకొండు గంటల నుంచి రెండు గంటల వరకు నేను నిద్ర లేకుండా, నన్ను తీసేసిన వాళ్లతో మనసులోనే వాదించుకుంటూ గడిపేదాన్ని. రాతపని, కృతజ్ఞతల లెక్క మొదలుపెట్టాక ఆ వాదన ఆగింది. నిద్ర పట్టింది. ఇంట్లో నా గొంతు తగ్గిందని మా వారు కూడా అన్నారు. పతంజలి యోగసూత్రాల్లో రెండో పాదం 33వ సూత్రం చెప్పే ప్రతిపక్షభావన ఇదేనని బృందంలో చెప్పేవారు. తర్వాత నేను వ్యాఖ్యానంతో కలిపి చదివితే తెలిసింది ఏమిటంటే, ఆ సూత్రం యమనియమాలకు అడ్డుపడే హింసాదులైన ఆలోచనలను ఎదురు భావనతో నిలువరించడం గురించి చెబుతుందే తప్ప ఉద్యోగాలు రప్పించుకోవడం గురించి చెప్పదు. నా విషయంలో అది పగతో నిండిన ఆలోచనలను నిలువరించింది కనుక సూత్రం తన పని తాను సరిగ్గానే చేసిందనాలి.

మూడో నెలలో నాకు ఒక పెద్ద సంస్థ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. పిలుపు రాగానే సాధన ఫలించిందని బృందంలో చప్పట్లు కొట్టారు. గది దాదాపు నా ఊహలో ఉన్నట్టే ఉంది. ఎదుట ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ నా బయోడేటా పక్కకు జరిపి, ‘గ్రూపు కంపెనీల ఖాతాలు కన్సాలిడేషన్ చేసేటప్పుడు, ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి అమ్మిన సరుకు ఏడాది చివర ఇంకా గోదాములోనే ఉంటే దాని లాభాన్ని మీరేం చేస్తారండీ?’ అని అడిగారు. ఆ లాభాన్ని తీసేయాలి, ఎందుకంటే గ్రూపు మొత్తాన్ని ఒకే సంస్థగా చూస్తే ఆ సరుకు ఇంకా బయటివాళ్లకు అమ్ముడుపోలేదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ రోజు మాత్రం, అలాంటి పని మా పాత సంస్థలో పైవాళ్లు చూసేవారు, నేను దగ్గరుండి చూశాను అని ఏదో గొణిగాను. ఆవిడ మర్యాదగా తలూపారు. ఆ తలూపడంలోనే నాకు ఫలితం తెలిసిపోయింది.

తిరిగి వస్తూ బస్సులో ఒక విషయం గుర్తించాను. దాదాపు 90 ఉదయాలు నేను ఆ గదిని ఊహించుకున్నాను. తలుపు తీయడం, కుర్చీ, కాగితం వాసన, నియామకపత్రం మీద నా పేరు, చివర కరచాలనం, అన్నీ ఉన్నాయి. కానీ ఆ ఊహలో ఒక్కరోజు కూడా ఎవరూ నన్ను ఏ ప్రశ్నా అడగలేదు.

ఆ వారం బృందంలో విషయం చెబితే, పెద్దాయన నావైపు జాలిగా చూసి, ‘మీ లోపల ఎక్కడో సందేహం ఉంది, విశ్వం దాన్ని విన్నది’ అన్నారు. ఈ మాటతో ఏ ఓటమినైనా ఓడినవాళ్ల ఖాతాలోనే రాసేయవచ్చని నాకు ఆ క్షణంలో తట్టలేదు. నిజంగానే నాలో లోపం ఉందేమోనని మరో నెల రోజులు నన్ను నేను తవ్వుకున్నాను. నన్ను అందులోంచి బయటపడేసింది నా బాధ కాదు. బృందంలోనే ఉన్న ఒకావిడ, తన బిడ్డ జబ్బుకు తన భయాలే కారణమని నమ్మి, భయపడినందుకు మళ్లీ భయపడుతూ, ఆస్పత్రి వరండాలో కూడా నవ్వు ముఖంతో ఉండటానికి ప్రయత్నిస్తున్నానని చెప్పింది. ఎవరూ ఆమెను ‘అదేం లేదమ్మా’ అని వారించలేదు. నేనూ వారించలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆ తర్వాత నేను అక్కడికి వెళ్లలేదు.

సంస్కృతం బోధించి పదవీ విరమణ చేసిన మా పెద్దమ్మ దగ్గరికి ఆ నోట్‌బుక్కు పట్టుకుని వెళ్లాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని నాలుగు పేజీలు తిప్పి, ‘ఇది సంకల్పం కాదు కదమ్మా, రసీదు’ అంది. నాకు అర్థం కాలేదు. ‘అందింది, పుచ్చుకున్నాను అని సంతకం పెట్టి ఇచ్చావు. సరుకు అందకుండా రసీదు ఇస్తే మీ లెక్కల్లో ఏమంటారు?’ అని అడిగింది. లెక్కలు రాసేదాన్ని, ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

పూజకు ముందు చెప్పే సంకల్పాన్ని ఆవిడ నాకు మాటమాటా విడదీసి చూపించింది. ఎక్కడ కూర్చున్నామో, ఏ సంవత్సరమో, ఏ మాసమో, ఏ తిథో, ఎవరు చేస్తున్నారో, దేనికోసం చేస్తున్నారో వరసగా చెప్పి, చివర ‘కరిష్యే’ అంటాం. అంటే చేయబోతున్నాను అని అర్థం. భవిష్యత్ కాలం, ఉత్తమ పురుష, పైగా ఆత్మనేపదం. చేసిన పని ఫలం చేసినవాడికే చెందే చోట ఆ రూపం వాడతారని కూడా ఆవిడ చెప్పింది. వ్యాకరణం చెప్పకుండా ఆవిడ ఏ సంగతీ ముగించదు. ఫలం ఏదో ఆ వాక్యంలో ఉంది, దాన్నెవరూ కాదనలేదు. కానీ వాక్యం ముగిసేది ఫలంతో కాదు, పనితో. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో ఆ మాటను, ఒక్కసారైనా దాని అర్థం మీద నా దృష్టి నిలవలేదు.

తర్వాత బృహదారణ్యకోపనిషత్తు తీసి నాలుగో అధ్యాయం, నాలుగో బ్రాహ్మణం, అయిదో మంత్రం చదివింది. మనిషి కోరిక ఎలాంటిదో అతని నిశ్చయం అలాంటిదవుతుంది, నిశ్చయం ఎలాంటిదో అలాంటి కర్మ చేస్తాడు, ఏ కర్మ చేస్తాడో దాన్నే పొందుతాడు అని దాని తాత్పర్యం. బృందంలో ఈ మంత్రాన్ని కూడా వాడేవారు, కానీ కోరిక నుంచి నేరుగా పొందడానికి దూకి, మధ్యలోని కర్మను మింగేసేవారు. భగవద్గీత రెండో అధ్యాయం 62వ శ్లోకం నాకు ఇంకా గట్టి దెబ్బ కొట్టింది. విషయాలనే ధ్యానిస్తూ ఉండేవాడికి వాటి మీద సంగం, అంటే తగులాటం, పుడుతుంది, సంగం వల్ల కామం, కామం వల్ల క్రోధం పుడతాయని కృష్ణుడు హెచ్చరించాడు. తెల్లవారుజామున పావుగంట పాటు నేను చేసింది సరిగ్గా ఆ మొదటి మెట్టే. ఇంటర్వ్యూ పోయాక నాకు వచ్చిన కోపం, అంతకు ముందెన్నడూ రానంత కోపం, ఆ మెట్ల వరసలో వచ్చిందే. ఆధ్యాత్మికతగా నాకు అందిన సాధనను ఆ శ్లోకం ప్రమాదంగా చెబుతోందని తెలిసి చాలాసేపు మాట రాలేదు.

అయితే ఈ ‘ప్రాచీన జ్ఞానం’ మన దగ్గరికి ఏ దారిన వచ్చినట్టు? ఈ ప్రశ్న పట్టుకుని కొన్ని వారాలు చదివాను. 19వ శతాబ్దంలో అమెరికాలో, ఆలోచనతో రోగాలు నయమవుతాయని చెప్పిన ఫినియాస్ క్వింబీ వంటివారి చుట్టూ పుట్టిన నవీన ఆలోచనా (న్యూ థాట్) ఉద్యమంలో దీని వేళ్లు ఉన్నాయి. 1906లో ఆలోచనా ప్రపంచంలో ఆకర్షణ నియమం ఉందంటూ పుస్తకం రాసిన విలియం వాకర్ అట్కిన్సన్ వృత్తిరీత్యా న్యాయవాది. ఆయనే యోగి రామచారక అన్న పేరుతో యోగం మీద కూడా వరసగా పుస్తకాలు రాశాడు. అంటే మనం మన తాతల ఆస్తి అనుకుని నెత్తిన పెట్టుకున్నదాంట్లో కొంత, మన పేరు పెట్టుకుని బయట తయారై తిరిగి వచ్చిన సరుకు. ఫ్రాన్స్‌లో ఎమిల్ కువే అనే ఫార్మసిస్టు, రోజురోజుకూ అన్ని విధాలా మెరుగవుతున్నానన్న అర్థం వచ్చే వాక్యాన్ని నిద్రకు ముందు 20 సార్లు అనుకోమనీ, లెక్క తప్పకుండా 20 ముడులు వేసిన తాడు పెట్టుకోమనీ చెప్పేవాడు. జపమాల లాంటి ఆ తాడు సంగతి చదివి, నా 21 పంక్తులు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

చదివినవాటిలో నన్ను రాత్రంతా కూర్చోబెట్టింది మాత్రం 2002లో గాబ్రియేల్ ఒటింగన్, డోరిస్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన. అందులో ఒక భాగం, చదువు ముగించి ఉద్యోగాలు వెతుక్కునే పట్టభద్రుల గురించి. ఉద్యోగం దొరికినట్టు హాయైన ఊహల్లో ఎక్కువగా తేలినవాళ్లు, రెండేళ్ల తర్వాత చూస్తే, తక్కువ దరఖాస్తులు పంపారు, తక్కువ అవకాశాలు పొందారు, వాళ్ల జీతాలూ తక్కువే. దొరుకుతుందన్న అంచనా గట్టిగా ఉన్నవాళ్లు మాత్రం మెరుగ్గా నిలబడ్డారు. అంచనా వేరు, ఊహ వేరు అన్నది అక్కడి కీలకం: అంచనాకు గతంలో చేసిన పని పునాదిగా ఉంటుంది, ఊహకు ఆ అవసరం లేదు.

నాకు ప్రతిదానికీ రిజిస్టరు పెట్టుకునే అలవాటు. దరఖాస్తుల రిజిస్టరు తీసి చూశాను. సాధన మొదలుపెట్టక ముందు నెలలో 19 పంపాను. సాధన మొదటి నెలలో 11, రెండో నెలలో 7, మూడో నెలలో 4. ఈ తరుగుదల నాకు తెలియకుండానే జరిగింది. ప్రతి రాత్రీ ‘స్థిరపడ్డాను’ అని 21 సార్లు రాసి, స్థిరపడినదాని హాయిని అనుభవించి నిద్రపోయిన మనిషి, పొద్దున్నే లేచి ఇంకో దరఖాస్తు ఎందుకు పంపుతుంది?

అలాగని సాధన మొత్తం వదిలేయబుద్ధి కాలేదు. నోట్‌బుక్కు అలవాటు బలమైనది, దాన్ని వేరే పనికి వాడదామనిపించింది. లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ 1999లో విద్యార్థుల మీద చేసిన పరిశోధనలో, మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్నవాళ్ల కంటే, కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్లు ముందుగా చదువు మొదలుపెట్టి మెరుగైన మార్కులు తెచ్చుకున్నారు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నవి ముందే నిర్ణయించుకుంటే ఉద్దేశం పనిగా మారే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు. పెద్దమ్మ విడదీసి చూపించిన సంకల్పంలోనూ దేశం, కాలం, కర్త, క్రియ అన్నీ ఉండనే ఉన్నాయి. ఈ రెంటికీ చుట్టరికం ఉందని నేను వాదించను గానీ, నా వాక్యాన్ని దిద్దుకోవడానికి రెండూ ఒకే చోట వేలు పెట్టి చూపించాయి.

అప్పటి నుంచి రోజుకు 21 సార్లు కాకుండా ఒక్కసారే, నిదానంగా, వత్తులన్నీ సరిగ్గా పడేలా రాశాను. మొదట ‘ఖాతాల కన్సాలిడేషన్ నేర్చుకుంటాను’ అని రాశాను. అది చాలలేదు. ‘రేపు ఉదయం 6 నుంచి 7 వరకు కిటికీ దగ్గరి బల్ల మీద రెండు లెక్కలు చేస్తాను’ అని రాశాక పని మొదలైంది. ఉదయపు పావుగంటలో గాజు క్యాబిన్‌కు బదులు, తెలియని ప్రశ్న ఎదురైనట్టూ, దానికి తడబడకుండా జవాబిస్తున్నట్టూ ఊహించుకున్నాను. ఇందులో హాయి లేదు. చాలా రోజులు లేచి పారిపోవాలనిపించింది.

నిదానంగా రాయడం వల్ల ఇంకో సంగతి బయటపడింది. పాత వాక్యంలోని ‘పేరున్న పెద్ద’ అన్న రెండు మాటల దగ్గర కలం ఆగేది. అవి ఎవరికోసం? నన్ను తీసేసినవాళ్లు ఎక్కడో ఒకచోట నా పేరు చదివి చేతులు పిసుక్కోవాలన్నది నా అసలు కోరిక, ఉద్యోగం దానికి తొడుగు మాత్రమే. ఒప్పుకోవడానికి పది రోజులు పట్టింది. ఆ రెండు మాటలూ కొట్టేశాను. మేనేజర్ అన్న మాట ఉంచాలా వద్దా అని తేల్చుకోలేక పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. అది ఇప్పటికీ అలాగే ఉంది.

ఒటింగన్ పద్ధతిలో కోరిక పక్కనే అడ్డంకిని కూడా రాసుకోవాలి, అదీ బయటి అడ్డంకి కాదు, మన లోపలిది. నాది సిగ్గు. 13 ఏళ్లలో పరిచయమైన వాళ్లలో ఒక్కరికీ నేను ఖాళీగా ఉన్నానని చెప్పలేదు. 23 పేర్లు రాసుకుని, ‘పేరు చూసి ఫోన్ పక్కన పెట్టాలనిపిస్తే, ఆ క్షణమే బటన్ నొక్కుతాను’ అని పైన రాశాను. మొదటి పేరు దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. మూడో రోజు నొక్కాక, అవతలావిడ ‘మీ సంగతి మాకు అప్పుడే తెలిసింది, మీరే చెబుతారని చూస్తున్నాం’ అన్నారు. అన్ని నెలలు నేను కాపాడుకున్న రహస్యం అది.

ఎనిమిదో నెలలో ఒక ఉదయం ఊహ ముగించి కళ్లు తెరవగానే ఫోన్ మోగింది. ఒక మధ్యస్థాయి సంస్థలో సీనియర్ అకౌంటెంట్ స్థానం ఖాళీ అయిందని పాత సహోద్యోగి ఒకరు చెప్పారు. రెండు ఇంటర్వ్యూల తర్వాత అది నాకు దక్కింది. ఈ కథ విన్న నా స్నేహితురాలు, కళ్లు తెరవగానే ఫోన్ రావడమే రుజువని అంటుంది. నేను జాబితా చూశాను. ఆయన పేరు 17వది, నేను ఆయనకు ఫోన్ చేసింది అంతకు మూడు వారాల ముందు. ఆ స్థానంలో అంతకు ముందు ఉన్నావిడ ఊరు మారడం వల్ల అది ఖాళీ అయింది. ఆవిడ సామాన్లు సర్దుకోవడానికి నా సంకల్పం కారణమనుకోవడానికి నాకు మనసొప్పలేదు. అలాగని ఆ ఫోన్ చేసే ధైర్యం, అంతకు ముందు నిద్రపట్టడం, కోపం చల్లారడం, ఇవన్నీ ఆ నోట్‌బుక్కు లేకుండా వచ్చేవేనా అంటే అదీ చెప్పలేను.

బొమ్మలు అంటించిన అట్ట బీరువా వెనక ఉంది. మా వారు రెండుసార్లు పారేయబోతే ఆపాను. పెద్దాయన దగ్గరికి ఇప్పటికీ వెళుతున్న ఆ తల్లిని గత నెల కలిశాను. బిడ్డ కోలుకుంటోంది. నేను ఆ రోజు అనాల్సి ఉండీ అనని మాటను ఈసారి అన్నాను. ఆవిడ కాసేపు నేలవైపు చూసి, ‘ఇంకెవరైనా ఈ మాట చెబితే బాగుండునని అప్పట్లో అనిపించేదండీ’ అంది.

నోట్‌బుక్కులో ఇంకా 11 పేజీలు మిగిలాయి. నిన్న రాత్రి రాసింది ఒక్క పంక్తే: ‘రేపు పదిన్నర లోపల, నా బల్ల దగ్గరే, నెలాఖరు బ్యాంకు లెక్కలో తేలని తేడాను మళ్లీ మొదటి నుంచి టిక్కు పెట్టుకుంటూ చూస్తాను.’ తేడా ఇంకా దొరకలేదు.